మిగతాది వచ్చాక చెప్తాను

రాయి సిద్ధంగా ఉంది, ఉలి సిద్ధంగా ఉంది, చెయ్యే సిద్ధంగా లేదు. పదకొండయింది. పన్నెండుకి చిన్నాన్న వస్తాడు, వచ్చి కళ్ళజోడు నుదుటి మీంచి ముక్కు మీదికి దించుకుని అక్షరం అక్షరం వేలితో తడిమి చూసుకుంటాడు, నాలుగింటికి బండి వస్తుంది, రేపు పొద్దున ఈ రాయి వీధి మొదట్లో నిలబడుతుంది, ఇకమీదట ఆ వీధిని తాతయ్య పేరుతోనే పిలవాలని పెద్దలంతా కూర్చుని తీర్మానం చేశారు. పైన తాతయ్య పేరు చెక్కడం నిన్ననే అయిపోయింది, పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం, రెండింటి మధ్యా ఒక గీత, ఎనభై తొమ్మిదేళ్ళు బతికిన మనిషికి బొటనవేలి గోరంత గీత, అదీ అయింది. కింద ఒక్క వరుస మిగిలింది. చిన్నాన్న రాసిచ్చిన కాగితం బల్ల మీద ఉంది, గాలికి ఎగరకుండా దాని మీద సుత్తి. "శత్రుమూకను ఒంటిచేత్తో ఎదిరించి మూడు రోజులు పోస్టును నిలబెట్టిన వీరుడు." ఆయన మనవడే అయిన రాతిపనివాడు ఇనప స్కేలుతో పైగీతా కిందిగీతా కొట్టుకుని, ఎడం చూసి సర్ది, ఆ మాటల్ని సుద్దముక్కతో రాయి మీదికి దింపేశాడు కూడా. ఇక ఉలి ఆనించి మొదటి దెబ్బ వెయ్యడమే. ఆ మొదటి దెబ్బే పొద్దుట్నుంచీ పడటం లేదు.

మొదటి అక్షరం శ, శ కష్టం, అని తనకు తనే చెప్పుకున్నాడు. తెలుగు అక్షరమేమో గుండ్రం, ఉలి పోకేమో తిన్నన, ఆ రెండింటికీ పొత్తు కుదర్చడమే ముప్ఫై ఏళ్ళుగా తన పని, లోపలి చుట్ట దగ్గర పెచ్చు లేచిందంటే అంతే సంగతులు, కాగితం మీద తప్పు పడితే కొట్టేస్తాం, నోట్లోంచి జారితే నాలిక్కరుచుకుంటాం, రాతిలో పడితే రాయే మార్చాలి. అవతలి వీధిలో మిషను పెట్టినవాడైతే ఈపాటికి చెక్కేసి టీ తాగడానికి వెళ్ళేవాడు, మిషనుకేం, దానికి చదువు రాదు, ఏది పెడితే అది కోస్తుంది, చదువు తనకే వచ్చి చచ్చింది. రేకుల కప్పు వేడెక్కి టిక్కు టిక్కుమంటోంది. మూలనున్న కుళాయి నుంచి సానరాయి మీదికి చుక్క పడుతోంది, చుక్కకీ చుక్కకీ మధ్య కాస్త ఆగి, తాతయ్య మాట్లాడినట్టు. శ కష్టమని కాదు. ముప్ఫై ఏళ్ళలో ఎన్ని శలు చెక్కలేదు. ఆ వరుసలో నిజమైనవి 'మూడు రోజులు', 'పోస్టు', ఆ రెండే, ఆ రెండోది కూడా చిన్నాన్న అనుకుంటున్న పోస్టు కాదు, ఆ సంగతి తెలిసినవాడు ఈ భూమ్మీద ఇప్పుడు తనొక్కడే. అదీ కష్టం. యాభై ఏళ్ళొచ్చినా వీధిలో అందరూ రాళ్ళబ్బాయి అనే పిలుస్తారు తనని, రాళ్ళబ్బాయి నోట్లో ముత్యం ఉందిరా, తెరిస్తే పడిపోతుందని ఎగతాళి చేస్తారు, ముత్యం కాదు నాయనా, ఏడేళ్ళుగా నోట్లో ఉన్నది మింగలేనిదీ కక్కలేనిదీ.

కూర్చున్నది మడత పెట్టిన గోనెసంచి మీద. సంచిలో తేమ ఉంది, తడిసి ఆరి మళ్ళీ తడిసిన గోనె వాసన, ఆ వాసన తగిలితే తాతయ్య ఎక్కడున్నా ముక్కు ఎగబీల్చేవాడు, లేచి వెళ్ళి ఆ సంచిని ఎండలో వేసేవాడు, ఎవరి సంచయినా సరే, ఉల్లిపాయల సంచయినా, సిమెంటు సంచయినా, ఎండేసి, అడుగున చెక్కలు పెట్టి ఎత్తు కల్పించి, కిందికి చెమ్మ చేరకుండా. మిలట్రీ తాత సంచులకి కాపలా కాస్తున్నాడర్రా అని నవ్వేవాళ్ళు. వాళ్ళకి తెలీక అన్నా ఎంత సరిగ్గా అన్నారు. పొద్దున్నే గడ్డం, అద్దం లేకుండా, వేలితో తడుముకుంటూ. చొక్కా మడతపెట్టడం చూడాలి, ముందు రెండు చేతులూ లోపలికి, ఆపైన కింది అంచు పైకి, చివరకి మెడపట్టీ మీదికి ముడిచి కవరు మూసినట్టు అరచేత్తో ఒక్క రుద్దు. ఇంట్లో ఎవరికి ఏది ఇవ్వాలన్నా ఆయనదొక పద్ధతి ఉండేది, తువ్వాలు గానీ, పళ్ళెం గానీ, పలక గానీ, ఎదురుగా నిటారుగా నిలబడేవాడు, ఇవ్వబోయే మనిషి పేరు ఇంటిపేరుతో సహా చదివేవాడు, చదివి, "తమరేనా?" అనేవాడు. "నేనే" అని చెప్పి కుడిచెయ్యి చాపాలి. అప్పుడే ఆ వస్తువు చేతికొస్తుంది. నాయనమ్మకి కూడా అంతే, యాభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి చేతికి తలదువ్వెన ఇవ్వడానికి "తమరేనా?" అని అడిగితే, కాదు, మీ రెండో పెళ్ళాన్ని, అనేదావిడ, అయినా ఆయన దువ్వెన వదిలేవాడు కాదు, నేనే నేనే, తగలెయ్యండి, అన్నాకే వదిలేవాడు. పిల్లలందరికీ అదొక ఆట. చిన్నాన్నైతే నిద్రలో పిలిచినా "నేనే" అని చెయ్యి చాపేవాడట, చేతిలో ఏమీ పెట్టకపోయినా గుప్పిట మూసుకుని పడుకునేవాడట. అందరూ ఆటనుకున్నారు. ఆట కాదు. ఆట కాదని ఆ రోజు గడ్డం గీస్తుంటే తెలిసింది, ఆ రోజు సంగతి ఇప్పుడొద్దు, అటు పోతే చెయ్యి మరీ లేవదు.

చెయ్యి లేవాలి, అని ఉలి మొన చూసుకున్నాడు, బాగానే ఉంది, అయినా సానరాయి మీద రెండుసార్లు లాగాడు, ఊరికే. పదకొండుంపావు. అసలు దీనికంతటికీ మూలం ఒక కార్డు. అరచేతంత కార్డు, నాయనమ్మ రేకు పెట్టెలో అడుగున ఉండేది, అంచులు ఎలకలు కొరికినట్టు నలిగిపోయి. యుద్ధం నడిచే రోజుల్లో తాతయ్య పంపినది. ఎక్కడున్నదీ రాయకూడదు, ఏం చేస్తున్నదీ రాయకూడదు, పైవాళ్ళు చదివి గానీ పంపరు, అందుకని ఆ కార్డులో ఉన్నవి మూడే మూడు ముక్కలు. క్షేమం. మూడు రోజులు పోస్టు వదల్లేదు. మిగతాది వచ్చాక చెప్తాను. నాయనమ్మకి చదువు రాదు, మూడు నెలల చిన్నాన్నని చంకనేసుకుని, పెద్దాణ్ణి, అంటే రాళ్ళబ్బాయి నాన్నని, కొంగు పట్టించుకుని, బడి పంతులు దగ్గరికి తీసుకెళ్ళింది. పంతులు అరుగు మీద నిలబడి పైకి చదివాడు, పది మంది చేరారు. పోస్టంటే ఏంటండీ అని నాయనమ్మే అడిగింది. పంతులు పేపరు చదివే మనిషి, యుద్ధం సంగతులు ఆయన నాలిక చివరుంటాయి, పోస్టంటే సరిహద్దులో కాపలా చోటమ్మా, శత్రువు అటునుంచే వస్తాడు, మూడు రోజులు వదల్లేదంటే అర్థమేంటి, మిగతావాళ్ళంతా పోయి ఈయనొక్కడే నిలబడ్డాడన్నమాట, అన్నాడు. అన్నమాట అనే మాటతో ఎన్ని కథలు పుట్టలేదు లోకంలో. అరుగు దిగేసరికి ఒక్కడయ్యాడు, వీధి మలుపు తిరిగేసరికి ఒంటిచెయ్యి అయింది, నీళ్ళ కుళాయి దగ్గరికి చేరేసరికి అటువైపు రెండొందల మంది పడ్డారు. ఒట్టి చేతుల్తో చంపాడని కూడా ఒకావిడ అందిట, తుపాకీ ఏమైందమ్మా అంటే, అది వేడెక్కిపోయింది మరి, అందిట.

తాతయ్య తిరిగొచ్చేనాటికి బస్సు ఆగేచోట జనం. దిగీ దిగగానే భుజాల మీదికి ఎత్తుకున్నారు. ఆయన రెండు చేతులూ ఊపుతూ, కాదు, కాదు, దించండి, అన్నాడట, చూశారా గొప్పవాళ్ళకి గర్వముండదు అన్నాడట పంతులు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాక అదికాదే, పోస్టంటే, అని మొదలుపెట్టాడట, అప్పటికి నాయనమ్మ ముఖంలో వెలుగు చూశాడట, రెండేళ్ళు ఒక్కతే ఇద్దరు పిల్లలతో ఆ కథనే కూడూ గుడ్డా చేసుకుని బతికిన మనిషి ముఖం, ఇక నోరు రాలేదట. నాకంటే ముందు నా కథ ఇల్లు చేరిందిరా, మరి చేరదా, ఉత్తరం ఎప్పుడూ మనిషి కంటే ముందే చేరుతుంది, అన్నాడు తాతయ్య, ఆ గడ్డం గీసిన రోజున. ఆ తర్వాత ఆయన మిల్లు గేటు దగ్గర వచ్చేపోయేవాళ్ళ టైము రాసే పనిలో కుదిరాడు, ముప్ఫై రెండేళ్ళు రాశాడు, మిలట్రీ సంగతి ఎవరెత్తినా చెప్పులేసుకుని బయటికి నడిచేవాడు, నడిచి వీధి చివరిదాకా వెళ్ళి వచ్చేవాడు. ఒక్క ఉత్తరాల విషయంలోనే ఆయనకి ఎక్కళ్ళేని హడావిడి. ఎవరిదో ఉత్తరం పొరపాటున తమ గుమ్మంలో పడిందంటే కంచం ముందునుంచి లేచిపోయేవాడు. తిని వెళ్ళరాదూ, కాళ్ళొచ్చి పారిపోతుందా అది, అని నాయనమ్మ అంటే, వాళ్ళది మన చేతిలో ఉన్నంతసేపూ చెయ్యి కాలుతుందే, అనేవాడు. నిజంగానే కాలినట్టు రెండు వేళ్ళతో పట్టుకుని మిట్టమధ్యాహ్నం నడిచి వెళ్ళేవాడు.

చిన్నాన్న. ఆ కథ మీద చిన్నాన్న నిలబడ్డట్టు ఎవరూ నిలబడలేదు, పునాది రాయి మీద గోడ నిలబడ్డట్టు. పద్దెనిమిదేళ్ళకి సైన్యంలో చేరడానికి వెళ్ళాడు, పాదం చదునుగా ఉందని వెనక్కి పంపేశారు, వారం రోజులు ఇంట్లో తలెత్తలేదట. తర్వాత బళ్ళో డ్రిల్లు మాస్టరయ్యాడు. మెడలో ఈల, చేతిలో బెత్తం, ప్రతి ఏడూ కొత్త పిల్లల్ని మైదానంలో ఎండలో వరుసగా నిలబెట్టి మొదటి రోజు చెప్పేది పాఠం కాదు, పోస్టు కథ. వాళ్ళలో తనూ ఒకడు, ఆరో తరగతి, అరికాళ్ళు మాడుతుంటే ఒంటికాలు మార్చుకుంటూ విన్నాడు, విని ఛాతీ విరుచుకున్నాడు, మా తాతయ్యే మరి. చిన్నాన్నకి డెబ్భై రెండు ఇప్పుడు, నడుస్తుంటే ఇప్పటికీ ఎడమా కుడీ లెక్క తప్పదు. కిందటి నెల ఈ రాయి సంగతి మాట్లాడ్డానికి వచ్చినప్పుడు ఇదే బల్ల మీద టీ గ్లాసు పెట్టి, గ్లాసు వంకే చూస్తూ, ఎన్నడూ అననిది ఒకటన్నాడు. "నాన్న నన్ను ఎప్పుడూ సూటిగా చూసేవాడు కాదురా. నేను దగ్గరికొస్తే చూపు తిప్పుకునేవాడు. నేను సెలెక్టు కాలేదని అనుకుంటా. వీరుడి కడుపున చదును కాళ్ళోడు పుట్టాడని." అని, నవ్వేసి, అందుకే ఈ రాయి నా చేతుల మీదుగా నిలబెట్టాలి, అప్పుడన్నా చూస్తాడేమో, అన్నాడు. అనవలసింది రాతిపనివాడి నాలిక చివరిదాకా వచ్చి ఆగింది. అలా ఆగడం ఈ ఏడేళ్ళలో ఎన్నోసారో.

పదకొండున్నర. ఇక తప్పదు, ఆ రోజులోకి పోవలసిందే, ఎంత తోసినా సానరాయి మీద చుక్క పడక మానదు. మంచం పట్టిన తాతయ్యకి వారానికి రెండుసార్లు తనే గడ్డం గీసేవాడు, రాళ్ళు చెక్కే చేతులు కదా, చర్మం జాగ్రత్త, అని ఆయన ప్రతిసారీ అనేవాడు. కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతోంది, గిన్నెలో వేణ్ణీళ్ళు, ఒక చెంప అయింది, రెండో చెంపకి నురగ రాశాడు. వీధిలో చిన్నాన్న ఎవరికో పోస్టు కథ చెబుతున్నాడు, గొంతు ఇక్కడికి వినబడుతోంది. తాతయ్య కళ్ళు మూసుకునే, నురగ కదలకుండా, "పోస్టంటే ఉత్తరాలురా" అన్నాడు. తను కత్తి ఆపాడు. అడగకపోవడం వల్లే ఆయన చెప్పాడేమో. శిక్షణలో తుపాకీ ఇచ్చారు గానీ ఆర్నెల్లకే ఉత్తరాలు మోసే దళంలోకి మార్చారట. ముందున్న దళానికి పదకొండు సంచుల ఉత్తరాలు లారీలో తీసుకెళ్తుంటే వంతెన కూలి ఉంది, డ్రైవరు సాయం తెస్తానని వెనక్కి నడిచి వెళ్ళాడు, మూడు రోజులు రాలేదు. వాన. లారీకి కప్పు లేదు. సంచుల మీద టార్పాలిన్ కప్పి, తుపాకీని దానికి గుంజగా నిలబెట్టి, తను బయట వానలో కూర్చున్నాడు. యుద్ధం మొత్తమ్మీద ఆ తుపాకీ చేసిన పని అదేరా, అన్నాడు, నురగలోంచి పెదవులు కాస్త విచ్చుకున్నాయి. వెనక్కి పరిగెత్తేవాళ్ళు, కాగితాల కోసం చస్తావా, వదిలేసి రా, అన్నారు. వదల్లేదు. ఆ దగ్గు, జీవితమంతా ఇంటిల్లిపాదికీ కోడికూతలా పనికొచ్చిన ఆ దగ్గు, ఆ వానదే.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది, అక్కడితో ఆగితే వీరుడే, ఇంకో రకం వీరుడు, చిన్నాన్నకి ఎప్పుడో చెప్పేసేవాడు తను. రెండో రోజు మధ్యాహ్నం ముందువైపు నడిచి వెళ్తున్న గుంపులోంచి ఒక సిపాయి పక్కకొచ్చాడట, ఇరవై ఏళ్ళుంటాయి, మీసం ఇంకా సరిగ్గా రాలేదు. అన్నా, ఇది మా దళం పోస్టే కదా, నాకేమన్నా ఉందేమో చూడవా, మా ఆవిడకి నెలలు నిండాయి, ఈపాటికి రాసే ఉంటారు, అని అడిగాడు. దారిలో సంచి సీలు విప్పకూడదు. అది రూలు. లక్క ముద్ర పగిలితే పట్టుకెళ్ళి లోపల పడేస్తారు. "ఎల్లుండి నీ చేతికే ఇస్తాన్లే తమ్ముడూ" అన్నాడు తాతయ్య. వాడు కోప్పడలేదట. జేబులోంచి సగం రొట్టె తీసిచ్చి, పేరు గుర్తుపెట్టుకో అన్నా, పిలిచేటప్పుడు తప్పు పిలుస్తావు, అని పేరు ఇంటిపేరుతో సహా రెండుసార్లు చెప్పి వెళ్ళాడట. నాలుగో రోజు దళం దగ్గరికి చేరి సంచులు విప్పారు. మొదటి సంచిలోనే, పైనుంచి మూడోది వాడిది. తాతయ్య వరుస ముందు నిటారుగా నిలబడి పేరు చదివాడు, చదివి, "తమరేనా?" అన్నాడు, ఎవరిని అంటున్నాడో తనకే తెలీకుండా. ఎవరూ నేనే అనలేదు. ముద్ర కొట్టి వెనక్కి పంపే ఉత్తరాల్లో దాన్ని తనే వేశాడు. "మగపిల్లాడో ఆడపిల్లో ఇవాళ్టికీ తెలీదురా నాకు" అన్నాడు. ఎనభై తొమ్మిదేళ్ళ కళ్ళు తెరుచుకున్నాయి, నురగ ఆరిపోయి చెంప మీద బీటలు వారింది. "అదే సంచిలో నాకూ ఒకటి ఉంది. చిన్నోడు పుట్టాడని. పంతులు రాసిపెట్టాడు. నాది నేను చదువుకున్నాను. ఇక వాణ్ణి చూసినప్పుడల్లా..." తర్వాతి మాట ఎక్కడికో పోయింది, చాలాసేపు దగ్గు, గిన్నెలో నీళ్ళు చల్లారిపోయాయి. దగ్గు తగ్గాక మనవడి మణికట్టు పట్టుకుని, "ఇది చిన్నోడిది. నీ దగ్గర ఉంచు" అన్నాడు. నాలుగు రోజులకి పోయాడు.

నీ దగ్గర ఉంచు అంటే తన దగ్గరే ఉంచాడు. ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసినట్టు. పెళ్ళాంబిడ్డల కోసం కూడా ఎవడూ అంత బాగా తాళం వెయ్యడు. తాతయ్య దాచమన్నాడు, దాచాను, చిన్నోడి పరువు, చిన్నోడి కథ, చిన్నోడు కూలిపోతాడు, అని ప్రతి ఏడూ ఒక కొత్త గొళ్ళెం. ఇప్పుడు ఆ అబద్ధాన్ని తన చేత్తోనే రాతిలోకి దించాలి, తాతయ్య చూపు తిప్పుకున్నందుకు కారణం తన చదును పాదాలేనని చిన్నాన్న అనుకుంటూనే ఉండాలి. సుద్ద అక్షరాల్లో శ వంక చూశాడు. లోపలి చుట్ట కన్నులా ఉంది, మూసీ మూయనట్టు. సరే, కానీ, అని సుత్తి ఎత్తుకున్నాడు, కింద కాగితం గాలికి రెపరెపలాడింది, ఉలి మొన సుద్దగీత మీద ఆనించాడు, ఊపిరి బిగబట్టాడు. ఆ క్షణాన షెడ్డు ముందు సైకిలు గంట. ఉత్తరాలు పంచే ఆవిడ, ఎండకి కొంగు నెత్తిన కప్పుకుని, ఒక కాలు నేలకానించి. ఏం రాళ్ళన్నా, సుత్తి బరువెక్కిందా, ఎత్తి పట్టుకునే కూర్చున్నారు, అని నవ్వి, సంచిలోంచి ఒక కవరు తీసింది. "పక్కింటికి తాళం వేసుంది. ఇది వాళ్ళది. మీ దగ్గర ఉంచండి."

తీసుకున్నాడు. తీసుకుని కవరు వంకా ఆవిడ వంకా చూస్తూ ఉండిపోతే ఆవిడకి అనుమానం వచ్చింది. "ఉంచండి అన్నానని దాచేసేరు. కిందటిసారి ఒకావిడ బీరువాలో పట్టుచీర మడతలో దాచింది మహాతల్లి. ఎంత భద్రమో. మూడు నెలలకి చీర కట్టుకుంటే బయటపడింది, అవతల వాళ్ళకి రావలసిన ఉద్యోగం పోయింది. రాగానే ఇచ్చెయ్యండేం" అని తొక్కుకుంటూ వెళ్ళిపోయింది. సైకిలు గంట దూరమయ్యేదాకా రాతిపనివాడు కదల్లేదు. ఇది వాళ్ళది, మీ దగ్గర ఉంచండి. ఇది చిన్నోడిది, నీ దగ్గర ఉంచు. మనుషులే తేడా, మాట అదే, అదే వరస, అదే తూకం. ఇది చిన్నోడిది అంటే, ఇది చిన్నోడికి సంబంధించిన కథ అనుకున్నాడు తను. ఉత్తరాలు మోసిన మనిషి ఆ మాట అంటే అది చిరునామా కదా. పేరు పైన రాసి మరీ ఇచ్చాడే. పోస్టు అంటే కాపలా చోటనుకున్న పంతుల్ని తలుచుకుని ఏడేళ్ళుగా లోలోపల నవ్వుకున్నాడు, ఉంచు అంటే దాచు అనుకున్న తను ఎవరికి తీసిపోయాడు, చీర మడతలో దాచిన మహాతల్లికా. వాళ్ళది మన చేతిలో ఉన్నంతసేపూ చెయ్యి కాలుతుంది. కాలింది, ఏడేళ్ళూ కాలింది, రాతిపని చేతికి కాయ కాసి తెలియలేదు. సీలు విప్పనన్నందుకు అరవై ఐదేళ్ళు ప్రతి చేతినీ, నువ్వేనా, నువ్వున్నావా, అని అడిగి అడిగి ఇచ్చిన మనిషి, తన తువ్వాలుకీ పలకకీ కూడా నేనే అనే మాట విని గానీ కుదుటపడని మనిషి, చివరికి ఇంట్లోనే ఒక ఉత్తరం అందకుండా ఉండాలనుకుంటాడా. మిగతాది వచ్చాక చెప్తాను అని కార్డు మీద రాశాడే. ఆ మిగతాది ఎవరి కోసం ఆగి ఉంది మరి.

పన్నెండుకి ఐదు నిమిషాలు. బకెట్లో గుడ్డ ముంచి పిండి, సుద్ద అక్షరాల మీద ఈ చివర్నుంచి ఆ చివరికి ఒక్కసారి తుడిచాడు. శత్రుమూకా పోయింది, ఒంటిచెయ్యీ పోయింది, తడిసిన నల్లరాయి అద్దంలా ఆకాశాన్ని చూపిస్తోంది, పైన తాతయ్య పేరూ, గోరంత గీతా, కింద ఖాళీ. రాయి ఎంతసేపైనా ఆగుతుంది. ఏం చెక్కాలో చిన్నాన్నే చెబుతాడు, చదివాక. పక్కింటి కవరుని ఎదురుగా కిటికీ చువ్వల మధ్య నిలబెట్టాడు, వాళ్ళు రాగానే కనబడేలా. చేతులు కడుక్కున్నాడు, గోళ్ళ సందుల్లో సుద్ద పోయేదాకా. ఇంకో గోనెసంచి తీసి మడతపెట్టి, తను కూర్చున్నదాని ఎదురుగా వేశాడు. వీధిలో అడుగులు వినబడ్డాయి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, డెబ్భై రెండేళ్ళ చదును పాదాలు.

చిన్నాన్న గుమ్మంలోనే కళ్ళజోడు దించుకున్నాడు. రాయి చూశాడు, ఖాళీ చూశాడు, మళ్ళీ రాయి చూశాడు. ఇదేంట్రా, ఇంకా మొదలే పెట్టలేదా, బండి నాలుగింటికి రమ్మన్నాను కదరా, పొద్దుట్నుంచీ ఏం చేస్తున్నావు, గోళ్ళు గిల్లుకుంటున్నావా, అని ఈల లేకపోయినా ఈల గొంతుతోనే అన్నాడు. రాతిపనివాడు లేచాడు. నడుము నిటారుగా చేసి, ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు. తన గొంతు తనకే కొత్తగా ఉంది, ముప్ఫై ఏళ్ళుగా రాళ్ళకి తప్ప పెద్దగా వినిపించని గొంతు. చిన్నాన్న పేరు, ఇంటిపేరుతో సహా, పొల్లు పోకుండా చదివాడు. చిన్నాన్న నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

"తమరేనా?"

కుళాయి చుక్క పడింది. ఇంకొకటి పడింది. చిన్నాన్న కళ్ళు కళ్ళజోడు వెనక పెద్దవయ్యాయి, ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడో, నిద్రకళ్ళతో ఏ మంచం మీదున్నాడో, పెదవులు మాత్రం వాటంతటవే కదిలాయి.

"నేనే" అన్నాడు.

అని, కుడిచెయ్యి చాపాడు.